బెల్లం అట్లు పెనానికి అతుక్కుపోతున్నాయా? విరగకుండా రావాలంటే ఇలా చేయండి..

దోసె చక్కగా వస్తుంది.. అదే పెనం మీద బెల్లం అట్టు పోస్తే మాత్రం అతుక్కుపోతుంది. తిప్పబోతే ముక్కలైపోతుంది. పిండి కుదరలేదని అనుకుంటారు గానీ, చాలాసార్లు తేడా కొట్టేది మంట దగ్గరే.

బోధన్ అనగానే చెరకు గుర్తొస్తుంది. 1937లో ఏర్పాటైన శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ ఆగినా.. నిజామాబాద్ వైపు ఇళ్లలో బెల్లం తీపి మాత్రం తగ్గలేదు. పిల్లలకు సాయంత్రం పూట బెల్లం అట్టు వేసి పెట్టాలంటే ఈ కిటుకులు తెలిసి ఉండాలి.

ఎందుకు అంటుకుంటుంది?

పంచదార సుమారు 160 డిగ్రీల దగ్గర కరిగి రంగు మారుతుంది. బెల్లంలో పంచదారతో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి. ఫ్రక్టోజ్ అయితే 110 డిగ్రీలకే పాకంలా మారడం మొదలవుతుంది. దోసెకు పెట్టినంత మంట పెడితే, లోపల పిండి ఉడికేలోపే అడుగున బెల్లం మాడి జిగురులా పట్టేస్తుంది.

పిండి ఇలా కలపాలి

కప్పు గోధుమపిండికి రెండు చెంచాల బియ్యప్పిండి చాలు. బియ్యప్పిండి ఎక్కువైతే సాగే గుణం తగ్గి అట్టు విరుగుతుంది. అరకప్పు బెల్లాన్ని ముప్పావు కప్పు నీళ్లలో కరిగించి వడకట్టాలి. నీళ్లు చల్లారాకే పిండిలో పోయాలి, వేడిగా పోస్తే ఉండలు కడుతుంది. చిటికెడు ఉప్పు, యాలకుల పొడి వేసి 20 నిమిషాలు నాననివ్వాలి. పిండి గరిటె జారుగా ఉండాలి. గట్టిగా అనిపిస్తే కొంచెం నీళ్లు కలపొచ్చు.

పెనం మీద ఇలా..

ఇనుప పెనాన్ని ముందుగా బాగా వేడి చేసి, సగం కోసిన ఉల్లిగడ్డతో నూనె రుద్దాలి. తర్వాత నీళ్లు చిలకరించి తుడిచి, మంట తగ్గించాలి. అప్పుడే పిండి పోయాలి. దోసెలా పల్చగా లాగొద్దు, కాస్త మందంగా ఉండాలి. చుట్టూ చెంచా నెయ్యి వేసి, మూత పెడితే పైభాగం కూడా ఆవిరికి ఉడుకుతుంది.

తొందరపడి తిప్పొద్దు. అంచులు వాటంతట అవే పైకి లేస్తేనే అట్లకాడ పెట్టాలి. ఒక్కో అట్టు తీశాక తడిబట్టతో పెనం తుడవడం మర్చిపోవద్దు. అడుగున మిగిలిన మాడు బెల్లమే తర్వాతి అట్టును పట్టేస్తుంది.

నాన్‌స్టిక్ వాడుతున్నారా?

ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదలొద్దు. 260 డిగ్రీలు దాటితే పైపూత దెబ్బతింటుంది. అంటుకుంది కదా అని స్టీలు అట్లకాడతో గీకితే పూత లేచిపోతుంది, ఆ తర్వాత ఏది వేసినా అతుక్కుంటుంది. చెక్క గరిటె వాడటం మంచిది.

మొదటి అట్టు అరచేయంత పోసి చూడండి. అడుగు నల్లబడితే మంట తగ్గించాలి, తెల్లగా మెత్తగా ఉంటే కాస్త పెంచాలి. ఆ లెక్క కుదిరితే మిగతావన్నీ చిరగకుండా వచ్చేస్తాయి.