చుక్కల లెక్క

ధనుర్మాసం ముగ్గుల పుస్తకం తిరగేస్తే బొమ్మ కింద ఒక ముక్క రాసి ఉంటుంది: 15 చుక్కలు, 8 వచ్చేవరకు సందు చుక్క. నడిమి వరుసలో 15, అటూ ఇటూ ఒక్కొక్కటే తగ్గుతూ 8 దాకా, మొత్తం 169 చుక్కలు. ఆ లెక్కలో అడుగులూ అంగుళాలూ ఎక్కడా లేవు. అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు రెండడుగుల జాగాలో పెట్టినా, సంక్రాంతి పోటీల్లో వీధి వెడల్పున పరిచినా అదే ముగ్గు. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం మారుతుందంతే.

వెక్టార్ బొమ్మ అచ్చం ఇలాంటిదే. కంప్యూటర్ దాన్ని బొమ్మగా దాచుకోదు, లెక్కగా దాచుకుంటుంది: ఇక్కడ మొదలుపెట్టు, ఇటు వంపు తిప్పు, అక్కడ ఆపు, లోపల కుంకుమ రంగు నింపు. ఈ వంపుల గణితం కార్ల కంపెనీల్లో పుట్టింది. ఫ్రాన్స్‌లో 1959లో సిట్రోయెన్ ఉద్యోగి పాల్ ద కాస్టెల్జో, ఆ తర్వాత రెనో కంపెనీలో పియర్ బెజియే, కారు ఒంపుల్ని కొద్దిపాటి బిందువులతో పట్టుకునే దారి కనిపెట్టారు. ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక వంపుకి నాలుగు బిందువులు చాలు. రెండు దాని మొదలూ చివరా, మిగతా రెండు దాన్ని తమవైపు లాక్కునేవి. మీరు చదువుతున్న ఈ తెలుగు అక్షరాలు కూడా ఫాంటు ఫైల్లో ఇటువంటి వంపులే.

ఫోన్ తెరది మాత్రం పోచంపల్లి పద్ధతి. గళ్ల కాగితం మీద చీర నమూనా వేసుకుని ఏ గడికి ఏ రంగో లెక్కపెట్టుకున్నట్టు, తెర మీద ప్రతి గడికీ ఒక రంగు. ఆ గడి పేరే పిక్సెల్. వంపుల లెక్కని గళ్లలోకి దించడమే ఎక్స్‌పోర్ట్. ఎన్ని గళ్లలోకి దిగాలో బొమ్మకి తెలియదు, మనమే చెప్పాలి. తప్పు జరిగేది కూడా ఎక్కువగా అక్కడే.

ఫ్లెక్సీని తెచ్చి ఫోన్‌లో పెడితే

మా పిన్ని కూతురు ఇంట్లో పట్టిన పచ్చళ్లు అమ్మడానికి ఒక వెబ్‌సైటు పెట్టుకుంది. "అక్కా, పేజీ తెరుచుకునేలోపే జనం వెళ్లిపోతున్నారే" అని ఓ రోజు ఫోన్ చేసింది. చూస్తే, పైన లోగో ఉండే చోటు 240 పిక్సెళ్ల వెడల్పు, 80 ఎత్తు. అక్కడ పెట్టిందేమో కొట్టు ముందు కట్టిన ఫ్లెక్సీ తాలూకు ఫైలు. ఆరడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు, అంగుళానికి 100 చుక్కలు. అంటే 7200 × 2400 పిక్సెళ్లు.

గుణిస్తే ఒక కోటీ 72 లక్షల 80 వేలు. ఎరుపుకి, ఆకుపచ్చకి, నీలానికి, పారదర్శకతకి ఒక్కో బైటు చొప్పున పిక్సెల్‌కి నాలుగు బైట్లు వేసుకుంటే దాదాపు 69 మెగాబైట్లు. ఫైలుగా ఉన్నప్పుడు కుదించి ఉంటుంది కాబట్టి అంత బరువు కనపడదు. తెర మీదికి తేవాలంటే మాత్రం ఫోన్ మామూలుగా దాన్నంతా విప్పి, మళ్లీ ఆ చిన్న చోటికి సరిపడా ముడవాలి. పోపులోకి చిటికెడు మెంతుల కోసం బస్తా దింపించినట్టు.

మరి 240 × 80కే ఎక్స్‌పోర్ట్ చేస్తే? ఒకప్పుడు సరిపోయేది. 2010లో ఐఫోన్ 4 వచ్చి లెక్క మార్చింది. దాని ముందు ఫోన్‌లో ఒక గడి ఉన్న జాగాలో అడ్డంగా రెండు, నిలువుగా రెండు, మొత్తం నాలుగు గళ్లు ఇమిడాయి. ఇప్పుడు చాలా ఫోన్లది ఇలా రెట్టింపు తెరో, మూడింతల తెరో. పేజీ రాసేవాళ్లు 240 అంటే అది కొలతకి మాత్రమే. ఆ చోట తెర మీదున్న అసలు గళ్లు 480, లేదా 720. అందుకని లోగోని 480 × 160లో ఒకటి, 720 × 240లో ఇంకొకటి తీశాం. పేజీ కోడ్‌లో ఎస్‌ఆర్‌సీసెట్ అనే చోట రెండూ రాసిపెడితే ఏ ఫోన్‌కి ఏది తగునో బ్రౌజరే ఎంచుకుంటుంది. 480 × 160 అంటే 76,800 పిక్సెళ్లు. ఫ్లెక్సీ ఫైలులో సరిగ్గా 225వ వంతు.

అంగుళాలు లేని చోట డీపీఐ

డీటీపీ సెంటర్లో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అన్న మాట లేనిదే ఫైలు బయటికి రాదు. అచ్చుకి అది న్యాయమే. కాగితానికి అంగుళాలుంటాయి, ఏ4 కాగితం ఆ లెక్కన 2480 × 3508 పిక్సెళ్లు అవుతుంది. వెబ్ పేజీకి ఆ అంగుళాలతో పని లేదు. 480 పిక్సెళ్ల బొమ్మ మీద 72 డీపీఐ అని రాసినా, 300 అని రాసినా బ్రౌజర్ 480గానే చూస్తుంది.

ఉచితంగా దొరికే వెక్టార్ బొమ్మల సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో ఎక్స్‌పోర్ట్ తెరిస్తే డీపీఐ దగ్గర 96 కనిపిస్తుంది. వెబ్ ప్రమాణాల్లో అంగుళం అంటే 96 పిక్సెళ్లని లెక్క. అలవాటు కొద్దీ అక్కడ 300 కొట్టామా, పక్కనున్న వెడల్పు మూడింతలు దాటిపోతుంది. డీపీఐ జోలికి పోకుండా వెడల్పు దగ్గర 480 కొడితే చాలు, ఎత్తు తనే సర్దుకుంటుంది. పైన కనిపించేవాటిలో పేజ్ నొక్కితే లోగో చుట్టూ ఉన్న ఖాళీ కాగితమంతా కూడా వచ్చేస్తుంది. లోగోని పట్టుకుని సెలెక్షన్ నొక్కాలి.

గడి అంచున పడ్డ గీత

కొలత సరిగ్గానే ఉంటుంది, అయినా సన్న గీతలు మసకగా కనిపిస్తాయి. వెక్టార్‌లో గీత మందం దాని దారికి అటు సగం, ఇటు సగం పరుచుకుంటుంది. ఒక పిక్సెల్ మందమున్న నల్లగీత సరిగ్గా రెండు గళ్ల సరిహద్దు మీద పడిందనుకోండి. ఈ గడిలో సగం, ఆ గడిలో సగం. గడికి ఒకే రంగు కాబట్టి రెండూ బూడిద రంగుకి తిరుగుతాయి. నల్లటి సన్నగీత కాస్తా బూడిద రంగు పట్టీ అవుతుంది. గీతని అర పిక్సెల్ జరిపితే మళ్లీ నలుపు తేలుతుంది.

బొమ్మ చిన్నదయ్యేకొద్దీ ఈ ఇరకాటం పెరుగుతుంది. బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించే బుల్లి బొమ్మకి 16 × 16 గళ్లు. మా చెల్లెలు అందులో 'పచ్చళ్లు' అన్న మాటంతా ఇరికించింది. చ వత్తు, ల వత్తు, కొమ్ము ఒకదాన్లో ఒకటి కలిసిపోయి మచ్చ మిగిలింది. లెక్క ఎంత కచ్చితమైనదైనా 256 గళ్లలో పట్టేది అంతే. చివరికి మిగతా అక్షరాలు తీసేసి, 'ప' ఒక్కదాన్ని లావుగా మళ్లీ గీశాం. చిన్న జాగాకి 15 చుక్కల ముగ్గుని నొక్కిపెట్టం, 5 చుక్కల ముగ్గు వేరే వేస్తాం.

ఏ రకం ఫైలు

1992 నాటి జేపెగ్ ఫొటోల కోసం పుట్టింది. బొమ్మని 8 × 8 గళ్ల ముక్కలు చేసి, కన్ను పెద్దగా పట్టించుకోని వివరాలు వదిలేస్తుంది. ఆవకాయ జాడీ ఫొటోకి అది బాగుంటుంది. పదునైన అక్షరం అంచున మాత్రం ముసురు పట్టినట్టు మరకలు తేలతాయి. పారదర్శకత కూడా లేదు కాబట్టి లోగో చుట్టూ తెల్ల డబ్బా వచ్చి కూర్చుంటుంది. 1996లో ప్రమాణంగా వచ్చిన పీఎన్‌జీ ఏ గడి రంగూ మార్చదు, వెనక రంగు కనిపించనిస్తుంది. లోగోలకి అదే తగింది.

అసలు గళ్లలోకి దించకుండా లెక్కనే పంపే దారీ ఉంది. 2001లో ప్రమాణమైన ఎస్‌వీజీ అదే. వంపుల చిట్టా బ్రౌజర్‌కి చేరుతుంది, ఏ తెరకి ఆ తెర అప్పటికప్పుడు గీసుకుంటుంది. అచ్చువాళ్లు "కర్వ్స్ చేసి పంపండి" అంటారే, ఆ జాగ్రత్త ఇక్కడా పనికొస్తుంది. అక్షరాల్ని వంపులుగా మార్చకపోతే మన ఫాంటు లేని ఫోన్‌లో లోగో ఇంకో రూపంలో కనిపిస్తుంది. బొమ్మలో వేల కొద్దీ బిందువులున్నా, మధ్యలో ఫొటో అతికించి ఉన్నా ఎస్‌వీజీయే బరువైపోతుంది. లింకు పంపినప్పుడు కనిపించే బొమ్మకైతే ఎలాగూ గళ్లలోకి దిగాల్సిందే. అందుకు ఫేస్‌బుక్ సూచించే కొలత 1200 × 630.

అన్నీ అయ్యాక మా చెల్లెలు అడిగింది: "ఇన్ని ఫైళ్లు తయారయ్యాయి, ఇందులో ఏది జాగ్రత్త చేసుకోను?" వీటిలో ఏదీ అక్కర్లేదన్నాను. రేపు పేజీ మారినా, ఇంకో రకం తెర వచ్చినా వెక్టార్ ఫైలు ఉంటే నిమిషంలో మళ్లీ తీసుకోవచ్చు. వాకిట్లో ముగ్గు మర్నాడు పొద్దున్నే చిమ్మేస్తాం, పుస్తకం బీరువాలో ఉంటుంది.