ఒంటరి చదువుకు కారకులెవరు?

రిజర్వేషన్ సీటులో చేరిన విద్యార్థి గణితంలో తప్పితే, ప్రతిభ లేదన్న తీర్పు మన కళాశాలల్లో క్షణాల్లో వెలువడుతుంది. గణితం బోధించేవాడిగా ఆ మాట అధ్యాపకుల గదుల్లో ఎన్నోసార్లు విన్నాను. అందుకే యూరి ట్రైస్‌మన్ జీవితకృషిని ఇక్కడ గుర్తుచేయదలచాను.

1970ల్లో ఆయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో పరిశోధక విద్యార్థి. అక్కడి నల్లజాతి విద్యార్థులు కలన గణితంలో పెద్ద సంఖ్యలో తప్పుతుండేవారు. కారణమేమని అడిగితే అధ్యాపకులు పట్టుదల లేదన్నారు, పునాది లేదన్నారు, ఇంట్లో ప్రోత్సాహం లేదన్నారు, పేదరికమన్నారు. ట్రైస్‌మన్ ఆ జవాబులతో సరిపెట్టుకోలేదు. 20 మంది నల్లజాతి, 20 మంది చైనా సంతతి విద్యార్థుల చదువును నెలల తరబడి దగ్గరగా పరిశీలించారు. అధ్యాపకుల ఊహలేవీ నిలబడలేదు. నల్లజాతి విద్యార్థులు శ్రద్ధగానే చదువుతున్నారు, అయితే ఒంటరిగా. చైనా సంతతివారు మాత్రం కలిసి కూర్చుని, ఒకరి తప్పులను మరొకరు దిద్దుకుంటున్నారు.

దీని నుంచి పుట్టిందే ఆయన బృంద అధ్యయన విధానం. వెనకబడ్డారని తేలిక పాఠాలు చెప్పలేదు. మరింత కఠినమైన లెక్కలిచ్చి కలిసి సాధించమన్నారు. తప్పేవారి సంఖ్య గణనీయంగా తగ్గింది. 1985లో ఈ పరిశోధనకే డాక్టరేట్ పొందారు. తర్వాత ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, అక్కడ చార్లెస్ డానా సెంటర్‌ను నెలకొల్పారు. 1992లో మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్నారు.

జాతి, కులం ఒకటి కావు. బర్క్‌లీ విద్యార్థుల ఒంటరితనం చాలావరకు వారి చదువు అలవాటు. మన దగ్గర అది ఇతరులు విధించే శిక్ష. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు హాస్టళ్లలో సైతం వేరుపడి బతకవలసి వస్తోందని థోరట్ కమిటీ 2007లోనే చెప్పింది. సీనియర్ల నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, పరీక్ష ముందురోజు రాత్రి సందేహాలు తీర్చే స్నేహాలు ఆ గోడలు దాటి రావు.

ఇందుకు మన విశ్వవిద్యాలయాలు చూపే మందు రెమెడియల్ తరగతి. లోపం విద్యార్థిలోనే ఉందన్న నమ్మకం ఆ పేరులోనే దాగుంది. చదువు జట్ల ఏర్పాటును విద్యార్థుల ఇష్టానికి వదిలేస్తే అవి కులాలవారీగానే కూడుతాయి. కనుక మొదటి సెమిస్టర్‌లోనే అన్ని కులాల విద్యార్థులను కలిపి జట్లు కట్టి, వారికి కఠినమైన లెక్కలివ్వడం అధ్యాపకుల బాధ్యత కావాలి. ఆ పని చేయకుండా ప్రతిభ గురించి తీర్పులివ్వడం అన్యాయం.