పరసాక్ష్యముతో ప్రవేశము

మదనపల్లె టమోటా మండీలో నాటి వేలమున క్రేటు ధర యెంత పలికినదో ఇంటినుండియే తెలిసికొనగోరు రైతునకును, పుంగనూరులో పాలకేంద్రమునకు పాలుపోసి తన లెక్క తాను చూచుకొను గృహిణికిని, తమిళనాడు, కర్ణాటక రెండును చేరువనున్న కుప్పములో మూడు భాషలయందును బేరమాడగల చిల్లర వర్తకునకును నేడు సమానముగా ఎదురగు చిక్కొకటి కలదు. ప్రతి యాప్ క్రొత్త పాస్‌వర్డు నడుగును. అడిగిన ప్రతిచోటను జనులు ఒకే పాస్‌వర్డు నిచ్చుచున్నారు. ఆ చోట్లలో మిక్కిలి దుర్బలమైనదానినుండి అది దొంగిలింపబడిన దినమున తక్కినవన్నియు దొంగల వశమగుచున్నవి. దీనికి విఱుగుడుగా వచ్చినదే ‘గూగుల్‌తో లాగిన్’, ‘ఆపిల్‌తో లాగిన్’ అను పరసాక్ష్య పద్ధతి. సాంకేతికులు సింగిల్ సైన్-ఆన్ అందురు. దీనిని యాప్‌లో అమర్చుట సులభమే. ఈ సీమ జనుల జీవనమునకు తగినట్లు అమర్చుట మాత్రము శ్రద్ధతో చేయవలసిన పని.

ఈ ప్రాంతమునకు కంప్యూటరు సేవలు నిన్నమొన్న వచ్చినవి కావు. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ నాటి రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి కుప్పమున ఐ-కమ్యూనిటీ అను ప్రయత్నము నారంభించి సమాచార కేంద్రములను నెలకొల్పెను. 2011 నవంబరులో మీసేవ తొలుత మొదలైనది ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే. ఆ కేంద్రములలో యంత్రము ముందు కూర్చుండువాడు పని నేర్చిన నిర్వాహకుడు. పాస్‌వర్డు అతనిది, బాధ్యతయు అతనిదే. ఫోను ఇంటింటికి వచ్చిన పిమ్మట ఆ బాధ్యత యావత్తు, ఏ శిక్షణయు లేకయే, పౌరునిమీదికి దిగినది.

పరసాక్ష్య పద్ధతి నడచు తీరు ఇది: తెలియని యూరికి పోవువాడు తన యూరి పెద్దమనిషి చేత పరిచయలేఖ వ్రాయించుకొని పోవునట్లు, వాడుకరి గూగుల్ వద్దనే తన పాస్‌వర్డు చెప్పుకొని, గూగుల్ సంతకముచేసి యిచ్చిన లేఖను మాత్రమే యాప్‌నకు చూపును. ఆ పాస్‌వర్డు యాప్ కంటబడనే పడదు. ఆ లేఖకు టోకెన్ అని పేరు. 2012 అక్టోబరున వెలువడిన ఓఆథ్ 2.0 అను ప్రమాణము ‘ఈ యాప్ నా సమాచారములో ఇంతవఱకు చూడవచ్చును’ అను అనుమతిని మాత్రమే తెలుపును. ‘ఇతడు ఫలానావాడు’ అని తెలుపునది 2014 ఫిబ్రవరిలో దానిపై నిర్మింపబడిన ఓపెన్ఐడీ కనెక్ట్. అనుమతిని గుర్తింపుగా భ్రమించి ప్రవేశమిచ్చిన యాప్‌లోనికి, వేఱొక యాప్‌కై వ్రాసిన టోకెన్ చూపి దూరుట సాధ్యము.

మదనపల్లె ఇంజనీరింగు విద్యార్థులు కొందఱు మండీ ధరలు, రైతు పద్దులు చూపు యాప్ నొకదానిని వ్రాసిరనుకొందము. వారు మొదట గూగుల్ వద్ద యాప్‌ను నమోదుచేసి క్లయింట్ ఐడీని, క్లయింట్ సీక్రెట్‌ను పొందవలెను. వాడుకరి తిరిగివచ్చు రీడైరెక్ట్ చిరునామాను అక్షరము తప్పకుండ వ్రాయవలెను, ఏలయన అందు సడలింపు చూపినచో లేఖ దొంగ యింటికి చేరుటకు దారి యేర్పడును. సీక్రెట్ సర్వరులోనే యుండవలెను. ఫోనులోనికి దిగిన యాప్‌ను విప్పిచూచుట యెవరికైనను సాధ్యము గనుక అందు దాచినది రహస్యము గాజాలదు. లాగిన్ పుటను యాప్ లోపలి వెబ్‌వ్యూలో గాక ఫోను బ్రౌజరులో తెఱవవలెను: వెబ్‌వ్యూలో వ్రాసిన ప్రతి యక్షరమును యాప్ చదువగలదు, అందుచేతనే గూగుల్ దానిని నిషేధించినది. వాడుకరి సమ్మతించిన పిమ్మట స్వల్పకాలపు కోడ్ ఒకటి వచ్చును. సర్వరు ఆ కోడ్ నిచ్చి లేఖను పుచ్చుకొనును.

పుచ్చుకొనినంతనే నమ్మరాదు. సంతకము సరియైనదేనా, వ్రాసినది నిజముగా గూగులేనా, లేఖ మన యాప్ పేరిటనే యున్నదా, గడువు తీరలేదు గదా యని సర్వరు ప్రతిసారియు పరీక్షింపవలెను. ఇన్ని పరీక్షలు చేసినను సాక్షి దోషమునుండి మనము తప్పించుకొనలేము. 2020లో భావుక్ జైన్ అను భారతీయ పరిశోధకుడు, ఎవరి ఈమెయిలు చెప్పినను వారి పేరిట సంతకముతో టోకెన్ లభించు లోపమును ఆపిల్ లాగిన్‌లో బయటపెట్టగా, ఆ సంస్థ దానిని సరిదిద్ది అతనికి లక్ష డాలర్లు బహుమానముగా ఇచ్చినది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆఱు గంటలు ప్రపంచమంతట నిలిచిపోయినపుడు దాని లాగిన్‌పైననే ఆధారపడినవారు ఇతర యాప్‌లలోనికిని పోలేకపోయిరి. రెండవ మార్గములేని యాప్‌ను రైతు చేతికిచ్చుట తగదని నా నిశ్చితాభిప్రాయము.

ఆ రెండవ మార్గము ఫోనుకు వచ్చు ఓటీపీ యని యెల్లరకును తోచును. కాని రద్దయిన నంబరును 90 దినములు గడచిన పిదప మఱియొకరికి కేటాయించుట మన దేశమున నున్నదే. నంబరునే మనిషిగా నెంచు యాప్‌లో ఒకరి పద్దు మఱియొకరి కండ్లబడును. ఈమెయిలును మారవచ్చును. పేరు అసలే పనికిరాదు. సరిహద్దు ప్రాంతమున ఒకే పేరు ఒక పత్రమున తెలుగు ఉచ్చారణను, ఇంకొకదానిలో తమిళోచ్చారణను అనుసరించి ఇంగ్లీషు అక్షరముల కెక్కగలదు. కావున గూగుల్ తన లేఖలో ‘సబ్’ అను పేరిట ఇచ్చునదియు, ఎన్నడును మారనిదియు, వేఱొకరికి ఇయ్యబడనిదియునగు సంఖ్యనే ఖాతాకు మూలముగా నుంచుకొనవలెను.

ఇంతకంటె గట్టి చిక్కు ఇంటిలోనే కలదు. ఇంటికొక్క స్మార్ట్‌ఫోనే యున్నచోట అందలి గూగుల్ ఖాతా తఱచుగా కొడుకుదై యుండును. తండ్రి బొత్తాము నొక్కినను సాక్ష్యము కొడుకు పేరిటనే వచ్చును. ‘ఈడ నా పేరు రాలేదే’ అని ఆయన అడిగినచో యాప్ వ్రాసినవాడు బదులు చెప్పగలిగి యుండవలెను. నెట్ సెంటరువాడు తన నంబరుతోనే తెఱచియిచ్చిన ఖాతాలకు పాస్‌వర్డు మఱచిపోయినపుడు తిరిగి పొందు అధికారము ఆ నంబరుతోపాటే పోవును. అందుచేత తొలి లాగిన్‌లోనే పేరును పెద్ద తెలుగక్షరములతో చూపి ‘ఇది మీరేనా?’ అని అడిగి, కాదన్నచో వేఱు ఖాతా నెన్నుకొననిచ్చుట అలంకారము కాదు, అవసరము.

ప్రభుత్వ సేవలకు ఇట్టి ఏకప్రవేశముగా 2022లో ‘మేరీ పెహచాన్’ వెలసినది. 2015లో వచ్చిన డిజీలాకర్ అందులో నొక సాక్షి. ధ్రువపత్రములకు అంత గట్టి గుర్తింపు న్యాయమే. నేటి టమోటా ధర చూచుటకు మాత్రము ఏ లాగిన్‌ను అక్కఱలేదు. యాప్ వ్రాయువారు పద్దు చూచుటకు మాత్రమే లాగిన్ అడుగవలెను, అప్పుడును కాంటాక్టులను, ఫోటోలను కోరరాదు.

పాఠకులకు నా మనవి యొక్కటే: మీ గూగుల్ ఖాతా అమరికలలో భద్రత విభాగమును తెఱచి, మీ పేరిట ఏయే యాప్‌లకు అనుమతి యున్నదో ఈ దినమే చూచి, వాడనివానిని తొలగింపుడు.