కంటికి కనిపించని పూత

హైదరాబాదులో అమీర్‌పేట నుండి పంజగుట్టకు సాగే రహదారి వెంట వ్యాధి నిర్ధారణ కేంద్రాలు అనేకం కనిపిస్తాయి. పంజగుట్ట కూడలి దాటి ఖైరతాబాదు వైపు వెళితే, 1964లో ఎముకల ఆసుపత్రిగా ఆరంభమైన నేటి నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నది. దీనినే ప్రజలు ‘నిమ్స్’ అంటారు. ఇటువంటి పెద్ద ఆసుపత్రులలో రోగి దేహం నుండి తీసిన చిన్న ముక్కను మైనంలో పొదిగి, మూడు నాలుగు మైక్రాన్ల పలుచని పొరలుగా కోసి, గాజుపలకపై పరచి సూక్ష్మదర్శినితో పరిశీలిస్తారు. కణితి స్వభావాన్ని తేల్చే కొన్ని పరీక్షలలో ఆ పలకను దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ వేడి ద్రావణంలో ఉంచవలసి వస్తుంది. అప్పుడు పొర ఊడిపోతే మరొకటి కోయాలి. ముక్కలో మిగిలినది చాలకపోతే రోగి మరల సూదిపోటుకు సిద్ధపడవలసిందే.

పొర ఎందుకు ఊడుతుంది? గాజులో అధికభాగం సిలికా. నీటిలో దాని ఉపరితలం రుణావేశం పొందుతుంది. కణజాలంలోనూ రుణావేశ భాగాలు అధికం. సజాతి ఆవేశాలు వికర్షించుకొంటాయి. ఈ రెండింటి నడుమ మధ్యవర్తిగా నిలిచేదే అమైన్ గల సిలేన్. దాని ఒక కొన తేమతో చర్య జరిపి, సిలికాపై గల హైడ్రాక్సిల్ సమూహాలతో దృఢమైన బంధం ఏర్పరుస్తుంది. రెండవ కొనలోని అమైన్ ధనావేశం పొంది కణజాలాన్ని ఆకర్షిస్తుంది.

పూత వేయుటకు ముందు పలకలను జిడ్డు లేకుండా కడిగి ఆరబెట్టాలి. తరువాత ఎసిటోనులో 2 శాతం సిలేన్ కలిపిన ద్రావణంలో కొద్దిసేపు ముంచి, ఎసిటోనుతోను, స్వేదనజలంతోను కడిగి, ఓవెనులో ఆరబెడతారు. ఈ చర్యకు కొద్దిపాటి తేమ అవసరమే. కాని తేమ అధికమైతే సిలేన్ అణువులు తమలో తాము అల్లుకొని గడ్డలు కడతాయి. అందుచేత వానాకాలంలో సీసా మూత విషయంలో మరింత జాగ్రత్త వహించాలి.

ఒక అణువు మందం గల ఈ పూత నానోమీటరు కంటె పలుచన. అది పట్టినదో లేదో కంటితో చెప్పలేము. నీటిచుక్క కొంతవరకు చెబుతుంది: శుభ్రమైన గాజుపై చుక్క పరచుకొంటుంది; పూతపై కొంత ఉబ్బుగా నిలుస్తుంది. పరిశోధనశాలలలో నునుపైన సిలికా పొరపై పూతవేసి, కాంతి ధ్రువణంలోని మార్పును బట్టి మందాన్ని లెక్కిస్తారు. ఎక్స్ కిరణాలతో ఉపరితలంలోని మూలకాలనూ గుర్తిస్తారు. శుద్ధ సిలికాలో నత్రజని లేదు; కనుక అది కనిపిస్తే అమైన్ చేరినదని ఊహించవచ్చును. ఆసుపత్రిలో అసలు పరీక్ష మరొకటి ఉన్నది: పూత గల పలకపై, లేని పలకపై ఒకే ముక్క నుండి కోసిన పొరలుంచి, రెండింటినీ ఒకేసారి వేడి ద్రావణంలో ఉంచాలి. పూత గల పలకపై పొర చెదరక నిలిచినప్పుడే ఆ పలకలను రోగి పరీక్షకు వాడదగును.