ఒక్క పుటనే చూపు యంత్రము

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోని అనేక స్టేటుబ్యాంకు శాఖల వెలుపలి గదిలో, ఏటీఎమ్ ప్రక్కనే, ‘స్వయం’ అను పేరుగల మరియొక యంత్రము నిలిచి యుండును. కిసాను విడత సొమ్ము పడినదో లేదో, పింఛను జమయైనదో లేదో, చెన్నైకో హైదరాబాదుకో పనికి పోయిన కొడుకు పంపిన డబ్బు చేరినదో లేదో తెలిసికొనగోరి వచ్చిన పల్లెవాసి తన పాసుపుస్తకమును తెరచి, అంటించిన బార్‌కోడు బిళ్లతోసహా ఆ యంత్రపు నోట ఉంచగా, యంత్రము ఆ గీతలను చదివి, ఖాతాను గుర్తించి, లోగడ ముద్రణ యెక్కడ ఆగినదో అక్కడనుండి పద్దులన్నియు అచ్చువేసి, పుట నిండినచో త్రిప్పి పెట్టుమని తెరపై తెలిపి, పని ముగిసినంతనే మొదటి తెరను మరల చూపుచు తరువాతి మనిషికై సిద్ధమగును. గుమాస్తా లేడు, చీటీ లేదు, వేచియుండుట యున్నచో అది వరుసలో ముందున్నవారి కొరకే.

ఆ పెట్టె కడుపులో నున్నది అపూర్వమైన యంత్రమేమియు కాదు; మన కార్యాలయములలో బల్లలపై కనబడు కంప్యూటరు వంటిదే. లేఖలు వ్రాయుటకును, చలనచిత్రములు చూపుటకును, ప్రపంచమందలి యే మూలనున్న సమాచారమునైనను తెచ్చి ముందుంచుటకును శక్తిగల యంత్రమునకు, ఆ శక్తులన్నిటిని మరుగుపరచి, ఒక్క పనిని మాత్రమే మిగిల్చి, దానిని అపరిచితుల యెదుట నిర్భయముగా నిలబెట్టు ఏర్పాటునకు కియాస్కు మోడ్ అని పేరు. ఇదే యేర్పాటును బ్రౌజరునకు చేసినపుడు దాని చిరునామా పట్టీ, మెనూలు, మూసివేయు గుర్తు మొదలగునవన్నియు అదృశ్యములై, తెర నిండుగా ఒక్క పుట మాత్రమే కానవచ్చును. ఈ సీమ రైతుకు చెరువు మదుము తెలిసినదే గదా. చెరువులో నీరెంత యున్నను మడికి కావలసినంతయే మదుము విడుచునట్లు, ఈ యేర్పాటు సముద్రమువంటి అంతర్జాలమునుండి అవసరమైన పాయను మాత్రమే వదలును. ఆస్పత్రి ముంగిట, నగల దుకాణములో, కళాశాల ప్రవేశాల గదిలో, కర్మాగారపు హాజరు బల్లవద్ద నేడు మనము చూచు తెరలలో పెక్కింటికి మూలమిదియే.

బ్రౌజరు పుట్టుక చూచినచో ఈ కట్టడి దాని స్వభావమునకే విరుద్ధమనిపించును. 1990లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్‌లీ రచించిన తొలి బ్రౌజరుకు గాని, అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు చెందిన జాతీయ కేంద్రమున మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా కూర్చి 1993లో లోకమునకందించిన మొజాయికునకు గాని పరమార్థము స్వేచ్ఛా సంచారమే: ఒక పుటనుండి మరియొక పుటకు, ఒక దేశపు కంప్యూటరునుండి మరియొక దేశపు కంప్యూటరునకు పాఠకుడు తన యిచ్ఛానుసారము పోగలుగుట. అయినను, అట్టి బ్రౌజరును బహిరంగ స్థలములలో నిలుపవలెనన్న కోరిక కలుగుటకు ఎంతోకాలము పట్టలేదు; మొజాయికు యొక్క యునిక్సు కూర్పులలోనే ‘కియాస్కు’ అను ఆదేశము చోటుచేసికొన్నది. అటుపిమ్మట మైక్రోసాఫ్టువారి ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరరునకు ‘కె’ అను ఒక్క అక్షరముతో, గూగులువారి క్రోమునకు ‘కియాస్కు’ అను మాటతో ఆ సామర్థ్యము సంక్రమించినది. స్వేచ్ఛకు పతాకమైన ఫైర్‌ఫాక్సునకు 2019 డిసెంబరులో వెలువడిన 71వ కూర్పుతో గాని ఇది స్వతస్సిద్ధము కాలేదు. అంతవరకు ఇతరులు రచించిన అనుబంధములే దిక్కు.

వయస్సున బ్రౌజరు కంటె కియాస్కే పెద్దది. 1967 జూన్ 27న లండను నగరపు ఉత్తర భాగమైన ఎన్‌ఫీల్డులో బార్‌క్లేసు బ్యాంకు గోడలో అమర్చిన నగదు యంత్రమును ఈ వంశమునకు పూర్వులలో నెంచవచ్చును. దాని రూపకర్త జాన్ షెపర్డ్‌బారన్ 1925లో మన దేశమందలి షిల్లాంగులో జన్మించినవాడు. ఆ దినములలో, ప్లాస్టికు కార్డును గాక, స్వల్పమైన రేడియోధార్మికత గల కార్బన్-14 అద్దిన కాగితపు చీటీని చూచి యంత్రము మనిషిని గుర్తించెడిది. పదేండ్లకు, 1977లో, ఇల్లినాయి విశ్వవిద్యాలయమందే మర్రే లాప్ అను విద్యార్థి, వ్రేలితో తాకినచో బదులు పలుకు తెరపై ఊరి బస్సుల వేళలు, సినిమాలు, పాఠ్యక్రమముల వివరములు తెలుపు యంత్రమును నిలిపెను. మొజాయికు పుట్టిన ఊరును, ఈ యంత్రము పుట్టిన ఊరును ఒక్కటే యగుట నాకు ఆశ్చర్యమును, ఆనందమును గూర్చు విషయము.

ఆంధ్రదేశమున ఈ విద్య వేరొక త్రోవను నడచినది. 1998 నవంబరులో రిజిస్ట్రేషను కార్యాలయములలో ప్రవేశపెట్టిన ‘కార్డ్’ విధానము, 1999లో హైదరాబాదు జంటనగరములలో మొదలైన ‘ట్విన్స్’, దానినుండి 2001లో రూపొందిన ఈ-సేవ, 2011నాటి మీసేవ, 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ, వార్డు సచివాలయములు — వీటన్నిటియందు కంప్యూటరునకును ప్రజకును నడుమ ఒక ఉద్యోగి కూర్చుండెను. తెర ఆయన వైపు తిరిగి యుండును; అర్జీదారు బల్లకు ఈవల నిలిచి తన పేరును, తండ్రి పేరును, సర్వే నంబరును చెప్పవలెను; తెరపై ఏమి వ్రాయబడుచున్నదో అర్జీదారుకు కానరాదు. సచివాలయపు డిజిటల్ అసిస్టెంటు ఎంత శ్రద్ధాళువైనను, వినుటలో గాని టైపు చేయుటలో గాని ఒక్క అక్షరము తారుమారైనచో కులధ్రువీకరణ పత్రమునకై మరల తిరుగవలసివచ్చునది అర్జీదారే. కియాస్కు ఆ తెరను ప్రజవైపునకు త్రిప్పును. దాని ఘనత అంతయు ఈ త్రిప్పుటలోనే యున్నదని నా నిశ్చయము. అయితే ఎవరు వచ్చి యే మీటను నొక్కుదురో తెలియని చోట తెరను త్రిప్పి యుంచుట ధైర్యమునకు సంబంధించిన పని. ఆ ధైర్యమును సమకూర్చుటకే ఇంతటి కట్టుదిట్టము.

ఈ కట్టుదిట్టమును చేయుట చూచినవారికి సులభముగా తోచును గాని, అందలి మెలకువలు అనేకములు. క్రోము బ్రౌజరు యొక్క అడ్డదారి గుర్తునకు చివర ‘కియాస్కు’ అను ఆదేశమును, చూపదలచిన పుట చిరునామాను చేర్చినచో తెర నిండుట నిజమే. కాని ఆల్ట్, ఎఫ్4 మీటలను కలిపి నొక్కినంతనే బ్రౌజరు మూతపడి, వెనుకనున్న కంప్యూటరంతయు బయటపడును. షిఫ్టు మీటను వరుసగా అయిదుమారులు నొక్కినచో, వ్రేళ్ల కదలిక కష్టమైనవారి సౌకర్యార్థము విండోసులో నుంచిన స్టిక్కీ కీస్ పెట్టె తెరచుకొనును. దానినుండి సెట్టింగుల గదికి దారి కలదు. ముద్రణకో, భద్రపరచుటకో నొక్కు మీటలచే తెరచుకొను పెట్టెలోనుండి డిస్కులోని ఫైళ్లన్నియు కనబడవచ్చును. ఇవి గజదొంగల విద్యలు కావు. సెలవుదినమున ఊసుపోని ఎనిమిదవ తరగతి బాలుడు అరగంటలో కనిపెట్టగలిగినవి.

అందుచేత తెలిసినవారు బ్రౌజరుతో మొదలుపెట్టక ఖాతాతో మొదలుపెట్టుదురు. విండోసులో అధికారములేవియు లేని ప్రత్యేకమైన యూజరు ఖాతాను సృష్టించి, అసైన్డ్ యాక్సెస్ అను ఏర్పాటుద్వారా ఆ ఖాతాకు ఎడ్జి బ్రౌజరు నొక్కదానినే అప్పగింతురు. కంప్యూటరు మేల్కొనగానే ఆ ఖాతా తనంతట తాను తెరచుకొని, బ్రౌజరు తప్ప మరియొకటి చూపక నిలుచును. ఈ సౌకర్యము విండోసు ప్రొఫెషనల్ మొదలగు కూర్పులలోనే యుండును గాని ఇండ్లలో వాడు హోమ్ కూర్పునందుండదు. తక్కువ ధరకు దొరికినదని హోమ్ కూర్పుగల కంప్యూటరును దుకాణమునకు కొనితెచ్చి, పిదప చిక్కుపడు వర్తకులు కలరు. ఎడ్జిలో మరల రెండు విధములున్నవి: ఒకదానిలో చిరునామా పట్టీయే లేక నిర్ణయించిన పుటయే తెర నిండ నిలుచును, రెండవదానిలో పట్టీ, ట్యాబులు ఉండి కొంత సంచారమునకు వీలుండును. గ్రంథాలయమునకు రెండవది తగును. దరఖాస్తులు స్వీకరించు చోటికి మొదటిదే మేలు. కీబోర్డునే తొలగించి తాకుతెరను మాత్రమే యుంచినచో పైన చెప్పిన కిటుకులలో పెక్కు నిరుపయోగములగును. యూఎస్‌బీ రంధ్రములు పెట్టె లోపల తాళముక్రింద నుండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, చాలమంది ఉపేక్షించునది, మరపు. యంత్రమునకు జ్ఞాపకశక్తి గొప్పగుణమని మనము తలంతుము. కియాస్కునకు మాత్రము మరచుటయే ధర్మము. తన ఆధార్ సంఖ్యను, ఫోను నంబరును టైపు చేసి, ఓటీపీకై చూచుచుండగా బస్సు వచ్చినదని కేక వినబడి అర్ధాంతరముగా పరుగెత్తిన మనిషి వివరములు, వెనుక నిలిచిన అపరిచితుని కన్నులయెదుట తెరపై మిగిలిపోరాదు. ఎడ్జి కియాస్కులో బ్రౌజరు ఇన్‌ప్రైవేట్ పద్ధతిలో నడచుటచే, వాడుక ముగియగానే టైపు చేసినవి, చూచినవి చెరగిపోవును. ఇన్ని నిమిషములు ఎవ్వరును తాకనిచో మొదటి పుటకు మరలవలెనను గడువును సున్నా మొదలు 1440 నిమిషముల వరకు మనమే నిర్ణయింపవచ్చును. సున్నా యనగా గడువే లేదన్నమాట. బహిరంగ స్థలమున గడువు లేని కియాస్కును నిలుపుట తప్పు. ఒకటి రెండు నిమిషములకు మించి యుంచుటయు నాకు సమ్మతము కాదు. ఆకర్షణీయమైన చిత్రములకై దినములు వెచ్చించి, ఈ అంకెను చూడక వదలినవారు ప్రజల రహస్యములను గోడకు అతికించినవారే యగుదురు.

ఈ శ్రీకాకుళపు తీరమునకు ప్రత్యేకమైన అవసరమొకటి కలదు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను విద్యుత్ స్తంభములను పడవేసి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను కూల్చిన సంగతి ఇక్కడివారెవ్వరును మరువరు. తుపాను లేని దినములలోను కరెంటు పోవుచు వచ్చుచుండును. పోయిన విద్యుత్తు తిరిగి వచ్చినపుడు కంప్యూటరు ఎవరును మీట నొక్కకయే తానై లేచునట్లు దాని మూల అమరికలైన బయోసులో ఏర్పాటు కలదు. దానిని అమర్చనిచో, కట్టుదిట్టముగా తాళమువేసిన పెట్టెలోని యంత్రము, తాళపుచెవి గల ఉద్యోగి వచ్చువరకు నల్లని తెరతో నిలిచిపోవును.

తెరపై భాష సంగతి. 1991లో యూనికోడు తొలి కూర్పులోనే తెలుగు లిపికి స్థానము లభించినది కాబట్టి తెలుగు చూపుటకు నేడు అడ్డంకి లేదు. చూపు తెలుగు ఎవరికి బోధపడునన్నదియే ప్రశ్న. శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, కొండవాసులైన సవరలనుండియే వారి భాషను నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును సమకూర్చెను. జనులు పలుకు పలుకుబడికి పుస్తకములలో గౌరవము సంపాదించుటకై జీవితమంతయు ధారపోసెను. అట్టి మహనీయుని గడ్డపై నిలుచు కియాస్కు, ఆంగ్లమునకు అద్దిన యాంత్రికానువాదమును చూపి ఊరకుండరాదు. నిన్నమొన్నటివరకు శ్రీకాకుళము జిల్లాలో నుండి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట కొండలనుండి దిగివచ్చు సవర స్త్రీకి సవరలో పలికి వినిపించు గొంతు, బొమ్మ గల పెద్దమీట ఆ తెరపై నుండవలెను. బ్రౌజరులో ధ్వనిని వినిపించుట ఎంతోకాలముగా సాధ్యమైనదే. కావలసినది ఆ మాటలను చెప్పి ధ్వనిముద్రణ చేయించు మనుష్యులు.

మనుష్యుల ప్రసక్తి వచ్చినది గనుక మరియొకటి. రైల్వేశాఖవారు స్టేషనులలో టిక్కెట్టు యంత్రములను నిలిపినపుడు, బండి వచ్చు వేళ తొందరలో తెరను తాకుటకు జంకు ప్రయాణికులకై, పదవీ విరమణచేసిన రైల్వే ఉద్యోగులను కమీషను పద్ధతిపై సహాయకులుగా నియమించిరి. యంత్రముంచిన చోట మరల మనిషి యెందుకని ఆక్షేపించువారుందురు. నేనట్లనుకొనను. ఆ సహాయకుడు గుమాస్తా స్థానమున కూర్చున్నవాడు కాడు. తెర ప్రయాణికుని వైపే తిరిగి యుండును, నిర్ణయము ప్రయాణికునిదే, ప్రక్కన నిలిచి వ్రేలితో దారి చూపువాడు మాత్రమే ఆయన. సచివాలయములయందు, ఆస్పత్రులయందు కియాస్కులు నిలుపదలచినవారు అట్టి మనిషి జీతమును యంత్రపు వెలతో పాటే లెక్కలో చేర్చుకొనవలెను.

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వము ‘మన మిత్ర’ పేర వాట్సాప్ ద్వారా 161 సేవలను అందింప మొదలుపెట్టినది; చేతిలో ఫోనున్నవారికి ఊరుమ్మడి తెర అవసరము కొంత తగ్గును. ఫోను మనుమని చేతనుండి, ఆ మనుమడు వలసపోయి యున్న ఇంటి అవ్వకు మాత్రము అవసరము తగ్గలేదు. ఆమెకు కావలసినది తెరయుకాదు, సందేశమును కాదు. కార్యాలయమున చూపుటకు అచ్చైన కాగితము. క్రోములో ‘కియాస్కు ప్రింటింగు’ అను మరియొక ఆదేశమును చేర్చినచో, ముద్రణపు పెట్టె తెరచి ప్రశ్నలడుగకయే, మీట నొక్కిన వెంటనే కాగితము ప్రింటరునుండి వెలువడును. ఈ ఆదేశమును వాడునపుడు, ముందుగా ఆ కంప్యూటరునకు ఏ ప్రింటరు సహజముగా నిర్ణయింపబడి యున్నదో చూచుకొనవలెను. లేనిచో ఇక్కడ నొక్కిన పత్రము, ఆ భవనమందే వేరొక గదిలోని ప్రింటరుపై అచ్చై, ఎవరి చేతనో పడును.