పాత కారు, కొత్త రబ్బరు: ఇంజెక్టర్ల అమరికలోని విజ్ఞానం

వంటింట్లో ప్రెషర్ కుక్కరు వాడేవారందరికీ ఒక సత్యం అనుభవం మీద తెలుసు. పాత్ర ఎంత గట్టిదైనా, మూతలోని రబ్బరు గాస్కెట్ బిరుసెక్కి పగుళ్లు విచ్చితే ఆవిరి నిలువదు. కుక్కరులోని ఆవిరి పీడనం చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లు. అంతకు రెట్టింపుకు మించిన పీడనంతో, ఆవిరికి బదులు పెట్రోలు, కాగుతున్న ఇంజనుకు కొద్ది అంగుళాల దూరంలో ప్రవహిస్తుంటే ఆ రబ్బరుపై ఎంత భారం ఉంటుందో ఊహించవచ్చు. పాత స్పోర్ట్స్ కారులో ఇంజెక్టర్లను శుద్ధి చేయించి తిరిగి అమర్చే పనికి మూలసూత్రం ఇదే.

కార్బురేటర్ నుండి ఇంజెక్టర్ వరకు

ఇందుకు మంచి ఉదాహరణ డాట్సన్ 280జెడ్. నిస్సాన్ సంస్థ 1975 నుండి 1978 వరకు ఉత్తర అమెరికాలో విక్రయించిన స్పోర్ట్స్ కారు ఇది. దీనికి ముందు వచ్చిన 240జెడ్, 260జెడ్ నమూనాలలో కార్బురేటర్లు ఉండేవి. వాయు కాలుష్య నిబంధనలు కఠినతరం కావడంతో, జర్మనీకి చెందిన బాష్ సంస్థ రూపొందించిన ఎల్-జెట్రానిక్ పద్ధతిని దీనిలో ప్రవేశపెట్టారు.

ఇంజెక్టర్ అనగా విద్యుదయస్కాంతంతో పనిచేసే సూది కవాటం. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినప్పుడు సూది మిల్లీమీటరులో సుమారు పదవ వంతు మాత్రమే పైకి లేస్తుంది. సెకనులో కొన్ని వేల వంతుల కాలం తెరచుకొని, పెట్రోలును సన్నని తుంపరగా చిమ్ముతుంది. లోపలికి వచ్చే గాలిని ఒక రెక్క కొలుస్తుంది. ఎంతసేపు తెరవాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. 280జెడ్‌లోని ఆరు ఇంజెక్టర్లూ, క్రాంక్ షాఫ్టు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా, ఏకకాలంలో తెరచుకుంటాయి. ఆరింటికీ అందే ఆజ్ఞ ఒక్కటే కనుక, వాటిలో ఒకటి పూడుకుపోతే కంప్యూటరుకు తెలియదు. ఆ ఒక్క సిలిండరు పెట్రోలు చాలక తడబడుతుంది.

ఇంజను ఆపిన తరువాత మిగిలే వేడికి ఇంజెక్టర్ కొసన నిలిచిన పెట్రోలు జిగురుగా మారి పేరుకుంటుంది. నెలల తరబడి కదలక నిలిచిన కార్లలో ఈ బాధ అధికం. శుద్ధి చేసే నిపుణులు అతిధ్వని తరంగాలతో ఆ మలినాన్ని తొలగించి, ఆరు ఇంజెక్టర్లూ సమానంగా చిమ్ముతున్నాయో లేదో కొలిచి చూస్తారు.

అమరికలో మెళకువలు

శుద్ధి చేసిన ఇంజెక్టర్లకు పాత రబ్బరు తొడగడం, కొత్త కుక్కరుకు పాత గాస్కెట్ పెట్టడం వంటిది. కింది రబ్బరు సరిగా కూర్చోకపోతే దాని పక్కనుండి గాలి లోపలికి చొరబడుతుంది. ఆ గాలి కొలిచే రెక్కను దాటి రాలేదు కనుక లెక్కలోకి రాదు. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి ఇంజను వణుకుతుంది. పైనున్న పెట్రోలు గొట్టం కారితే ఫలితం వణుకుతో ఆగదు, అది అగ్నిప్రమాదం.

అందుచేత ముందుగా బ్యాటరీ రుణధ్రువాన్ని విడదీయాలి. ఇంజెక్టర్ కూర్చునే గూళ్లను శుభ్రంగా తుడవాలి; ఇసుకరేణువు కూడా లోపల పడకుండా గుడ్డ అడ్డుపెట్టి, చివరకు తీసివేయాలి. కొత్త రబ్బరుకు పలుచగా ఇంజను ఆయిలు పూసి, ఇంజెక్టర్‌ను వంచకుండా నిటారుగా అదిమి కూర్చోబెట్టాలి. పొడి రబ్బరు మెలిపడి చిరుగుతుంది. పట్టి ఉంచే రెండు మరలనూ మార్చి మార్చి, కొద్దికొద్దిగా బిగించాలి.

గొట్టాల విషయంలో పొదుపు పనికిరాదు. నేడు అమెరికాలో అమ్మే పెట్రోలులో అధికభాగం 10 శాతం వరకు ఇథనాల్ కలిసినదే. 1970లనాటి రబ్బరు దానిని ఉద్దేశించి తయారైనది కాదు. కార్బురేటర్ కార్లకు వాడే సాధారణ గొట్టం గాక, ఇంజెక్షన్ పీడనానికి తగిన ఎస్.ఏ.ఈ. జె30 ఆర్9 ప్రమాణపు గొట్టం వాడాలి. మరొక జాగ్రత్త: ఈ ఇంజెక్టర్ల నిరోధం రెండు మూడు ఓములే. 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలిపి పరీక్షిస్తే తీగచుట్ట కాలిపోవచ్చు.

ఇంజను నడిపే ముందు

అసలు పరీక్ష ఇంజను నడిపే ముందే జరగాలి. బ్యాటరీని తిరిగి కలిపి, స్టార్టరుకు వెళ్లే సన్నని తీగను విడదీసి, తాళంచెవిని స్టార్ట్ స్థానానికి తిప్పితే ఇంజను తిరగదు గాని పెట్రోలు పంపు పనిచేస్తుంది. గొట్టాలలో పీడనం 36 పౌండ్ల వరకు చేరుతుంది. అప్పుడు టార్చిలైటుతో ప్రతి అతుకునూ పరిశీలించి, పొడి కాగితంతో అద్ది చూడాలి. కాగితం తడిస్తే పని పూర్తి కానట్లే.

అమెరికాలో చాలా ఇళ్లలో గ్యాసుతో నీళ్లు కాచే హీటరు గరాజులోనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారున పాకి ఆ మంటను చేరగలదు. అందుచేత ఈ పనిని ఆరుబయట చేయడం, మంటలార్పే సాధనం చేతికందేటట్లు ఉంచుకోవడం అత్యవసరం.

శుద్ధికి వందల డాలర్లు వెచ్చించిన యజమాని చివరి పది నిమిషాల పరీక్షకు ఓపిక పట్టలేకపోతే, కారును మాత్రమే గాక ఇంటిని కూడా పణంగా పెట్టినట్లవుతుంది. యంత్రం ఎంత ఘనమైనదైనా, దాని క్షేమం చివరకు కొన్ని సెంట్ల రబ్బరు వలయం మీద, దానిని సరిచూసే మనిషి ఓపిక మీద ఆధారపడి ఉంటుంది.