తప్పు వేలిదా? మైకుదా?

మీ గొంతును మొదటిసారి రికార్డు చేసి విన్నప్పుడు "ఇది నేనేనా!" అని తెల్లబోయి ఉంటారు కదూ? మాట్లాడేటప్పుడు మన గొంతు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా చెవికి చేరుతుంది. రికార్డులో ఎముకల వాటా ఉండదు. పియానో నేర్చుకునేవారికీ తమ రికార్డు వింటే ఇలాంటి ఆశ్చర్యమే కలుగుతుంది. కారణం మాత్రం వేరు. వాయించేటప్పుడు కళ్లు స్వరలిపి మీద, మనసు రాబోయే స్వరం మీద ఉంటాయి. ఇక వినే తీరిక ఎక్కడిది?

అందుకే వారు తమ వాయింపును రికార్డు చేసి, సంగీతం తెలిసినవారికి వినిపించి "ఎలా ఉంది?" అని అడుగుతారు. చిక్కు ఇక్కడే వస్తుంది.

ఒకమ్మాయి బీథోవెన్ 1810లో రచించిన 'ఫ్యూర్ ఎలీజె'ను వాయించి, సెల్‌ఫోనులో రికార్డు చేసిందనుకుందాం. మొదట అతి మెల్లగాను, తర్వాత ఒకచోట గట్టిగాను వాయించింది. విన్నాయన "అంతా ఒకే మోతగా ఉందమ్మా" అన్నాడు. పాపం, ఆ పిల్ల మర్నాటి నుంచి మీటలను బాదసాగింది. నిజానికి హెచ్చుతగ్గులు ఉన్నాయి. వాటిని మింగేసింది ఫోను!

సభల్లో మైకుసెట్టు అతన్ని చూశారా? నెమ్మదిగా మాట్లాడేవారు వస్తే మీట పెంచుతాడు, అరిచేవారు వస్తే తగ్గిస్తాడు. చాలా సెల్‌ఫోన్లలో, వెనుకటి క్యాసెట్ రికార్డర్లలో ఈ పని దానంతటదే జరిగిపోయే ఏర్పాటు ఉంటుంది. మాటలకు అది మేలే. పియానోకు మాత్రం ప్రాణం తీసినట్లే. ఎందుకంటే సుమారు 1700లో ఇటలీలోని ఫ్లారెన్సులో క్రిస్టోఫోరీ ఈ వాద్యాన్ని తయారుచేసిందే హెచ్చుతగ్గుల కోసం. అంతకు ముందున్న హార్ప్సికార్డులో తీగను మీటే ఏర్పాటు ఉండేది. మీటను ఎంత గట్టిగా నొక్కినా మోత దాదాపు ఒక్కటే. క్రిస్టోఫోరీ తీగను మీటే ఏర్పాటుకు బదులు సుత్తిని అమర్చాడు. "మెల్లగా, గట్టిగా" అని అర్థమిచ్చే 'పియానో ఎ ఫోర్తె' అన్న మాటల నుంచే దాని పేరు వచ్చింది.

మీ ఇంట్లో పియానో లేకపోయినా ఒక ప్రయోగం చేయండి. ఫోనును బల్ల మీద పెట్టి, కదపకుండా, పది సెకన్లు గుసగుసగా, పది సెకన్లు బిగ్గరగా మాట్లాడి రికార్డు చేయండి. విన్నప్పుడు రెండింటి మధ్య తేడా బాగా తగ్గిపోయి ఉంటే దొంగ దొరికినట్లే. పియానో వాయించేవారు పాటకు ముందు ఒకే మీటను మెల్లగా, గట్టిగా నొక్కి రికార్డు చేస్తే వినేవారికి సంగతి తెలిసిపోతుంది.

"ఎడమచేయి వినపడలేదు" అనేది మరో ఫిర్యాదు. పియానోలో అట్టడుగు స్వరానికి సెకనుకు 27.5 కంపనాలు. ఫోనులోని బుల్లి స్పీకరు అంత మంద్రాన్ని పలికించలేదు. కనుక చెవికి ఇయర్‌ఫోను తగిలించుకుని విన్నాకే ఆ మాట అనాలి.

మరి వినేవారు ధైర్యంగా చెప్పగలిగేదేమిటి? కాలం! ఏ స్వరం ఎప్పుడు పలికిందో మైకు మార్చలేదు. 'ఫ్యూర్ ఎలీజె' మొదటి భాగం సులువు. అందుకని చాలామంది హుషారుగా మొదలుపెడతారు. మధ్యలో చిన్న చిన్న స్వరాలు గుంపుగా రాగానే వేళ్లు అందుకోలేక వేగం పడిపోతుంది. చేతి గడియారంతో మొదటి ఎనిమిది గతులకు, మధ్యలోని ఎనిమిది గతులకు పట్టిన సెకన్లు కొలిస్తే చాలు, ఎవరితో వాదించనక్కరలేదు. "బాగాలేదు" అన్నవారిని "ఏ సెకను దగ్గర?" అని మర్యాదగా అడగండి. జవాబు వస్తే దిద్దుకోవచ్చు. (మీ రికార్డును మీరే వినాలంటే ఆ రోజు కాక మర్నాడు వినండి. వేళ్ల అలసట మరచిపోయాక చెవి బాగా పనిచేస్తుంది.)

1889లో వియన్నాలో ఎడిసన్ యంత్రం ముందు కూర్చుని బ్రామ్స్ పియానో వాయించాడు. ఆ మైనపు గొట్టం రికార్డును ఇప్పుడు వింటే గరగర మోతలో పియానోను వెతుక్కోవాలి. మెల్లన, గట్టిదనం తేలడం కష్టం. అయినా పరిశోధకులు ఓపికగా విని, ఆయన లయను ఎక్కడ సాగదీశాడో, ఎక్కడ తొందరపడ్డాడో లెక్కకట్టగలిగారు.